కీళ్లవాతమును గూర్చి రక్తము చెప్పు సాక్ష్యము

"వాతము" అను మాటను మనవారు మిక్కిలి విరివిగా వాడుదురు. ముసలితనమున మోకాలి కీలు అరుగుట వాతమే. చికున్‌గున్యా జ్వరము తగ్గిన పిదప నెలల తరబడి విడువని నొప్పియు వాతమే. నడిరేయి కాలి బొటనవ్రేలు వాచి మంటలెత్తించు గౌట్ రోగమును వాతమే. ఇన్నిటి నడుమ ఒక ప్రత్యేకమైన వ్యాధి మరుగుపడి యున్నది. అది ముసలివారిని మాత్రమే పట్టునది కాదు. ముప్పది నలువది యేండ్ల వయస్సున, సంసారభారము నెత్తిన నున్నప్పుడే పట్టును. పురుషులకంటె స్త్రీలను రెండు మూడింతలు హెచ్చుగా పట్టును. ఉదయమున లేచినంతనే వ్రేళ్లు బిగిసికొనిపోయి, గంటసేపటి వరకు చెంబు పట్టుకొనుటకుగాని చీర కుచ్చిళ్లు పెట్టుకొనుటకుగాని వీలుకాదు. రెండు చేతుల కీళ్లును జోడుగా వాచును. వైద్యులు దీనికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టిరి. మనము కీళ్లవాతమందుము. శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే దారి తప్పి తన కీళ్లపైననే దాడి చేయుట ఈ వ్యాధి స్వభావము.

ఈ వ్యాధి యని అనుమానము కలిగినంతనే వైద్యుడు రక్తము తీయించును. జయపురము, కొరాపుట్, రాయగడ, గుణుపురము పట్టణములలోని మన కుటుంబములలో అట్టి రిపోర్టు కాగితములు లేని బీరువా అరుదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన జయపురము సంస్థానము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లానుండి విడివడి క్రొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా యైనది. సరిహద్దులు మారినను, జబ్బుపడిన మనవారు నడచు త్రోవ మారలేదు. 1923లో స్థాపింపబడిన విశాఖ వైద్య కళాశాలకును, దానికి చేరిన కింగ్ జార్జి ఆసుపత్రికిని నేటికిని పోవుచునే యున్నారు. బిస్సంకటకమున 1954లో డెన్మార్కు దేశపు వైద్యురాలు లిస్ మాడ్సెన్ ప్రారంభించిన క్రైస్తవ ఆసుపత్రియు, 2017లో కొరాపుట్‌లో వెలసిన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలయు మనకు దగ్గరి దిక్కులు. ఎక్కడికి పోయినను చేతికి వచ్చునది ఇంగ్లీషు కాగితము. వైద్యుడు ఒడియాలోనో తెలుగులోనో రెండు మాటలు చెప్పి పంపును. ఇంటికి వచ్చిన పిదప ఆ అంకెల అర్థము చెప్పువారు లేరు. కొందరు అంకెను చూచి బెదరుదురు. కొందరు అంకె బాగున్నదని ధైర్యపడి వ్యాధిని విడిచిపెట్టుదురు. ఈ రెండవ పొరపాటే మిక్కిలి ప్రమాదకరము.

నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి, ఉద్యోగకాలమంతయు దస్తరముల నడుమ గడపిన గుమాస్తాను. దస్తరములోని ఒక పద్దు అర్థము కావలెనన్న అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు వ్రాసిరో చూడవలెనని ఆ యుద్యోగము నాకు నేర్పినది. రక్తపరీక్షల విషయమునను ఆ పద్ధతియే మేలని తోచి, ఒక్కొక్క పరీక్ష పుట్టిన చరిత్రను ఇందు వ్రాయుచున్నాను. ఒక పరీక్ష దేనికొరకు పుట్టినదో తెలిసినచో, అది యేమి చెప్పగలదో, యేమి చెప్పజాలదో కూడ తెలియును.

పూర్వుల దృష్టి

కీళ్ల వ్యాధులన్నియు ఒక్కటి కావని మన పూర్వులెరుగుదురు. చరకసంహిత వాతరక్తమును ప్రత్యేకముగా వర్ణించినది. వాతమును రక్తమును కలిసి చెడుటవలన ఆ రోగము కలుగునని అందలి సిద్ధాంతము. తరువాతి కాలమున మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమును వేరు అధ్యాయముగా విడదీసెను. కీళ్ల వాపు, ఒడలి బరువు, అరుచి, జ్వరము అను లక్షణములు చెప్పుటచే నేటి వైద్యులు పలువురు ఆమవాతమును రుమటాయిడ్ వ్యాధికి సమీపమైన దానినిగా భావింతురు. తెలుగు వైద్యుల చేతిపుస్తకమైన బసవరాజీయమున నాడీపరీక్షకు ప్రముఖస్థానము కలదు. అయినను రక్తమును శరీరమునుండి తీసి, దానిని కొలిచి, రోగబలమును అంకెగా చెప్పు పద్ధతి అప్పుడు లేదు.

ఐరోపా వైద్యులు ప్రతి రోగమునకును రక్తము తీయుట చికిత్సగా చేయుచుండిరి. అట్లు తీసిన రక్తము గిన్నెలో నిలిచినప్పుడు, తీవ్రమైన వాపులు గలవారి రక్తముపై తెల్లని మీగడవంటి పొర కట్టుట వారు శతాబ్దముల పూర్వమే గమనించిరి. ఎఱ్ఱకణములు వేగముగా అడుగునకు దిగిపోవుటచే పైన ఆ పొర యేర్పడునని వారికి స్పష్టముగా తెలియకపోయినను, రాబోవు పరీక్షకు బీజము ఆ గిన్నెలోనే యుండెను.

1800 సంవత్సరమున పారిస్ నగరమునందు లాండ్రే-బోవే అను యువవైద్యుడు కొందఱు బీద స్త్రీల కీళ్లను పరీక్షించి, ఇది గౌట్ వంటిదే గాని గౌట్ కాదని సిద్ధాంతవ్యాసము వ్రాసెను. లండన్ నగరపు వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ 1848లో గౌట్ రోగుల రక్తమున యూరిక్ ఆమ్లము హెచ్చుగా నుండునని కనిపెట్టెను. పిదప ఆయన చేసిన పరీక్ష మిక్కిలి సులభమైనది. రక్తపు తేటను చిన్న గాజుపళ్లెములో పోసి, కొంచెము ఎసెటిక్ ఆమ్లము కలిపి, అందులో ఒక నారదారమును ఉంచెడివాడు. గౌట్ రోగి రక్తమైనచో దారముపై స్ఫటికములు పేరుకొనును. ఇతర కీళ్లవ్యాధులలో దారము వట్టిగానే యుండును. ఈ దారపు సాక్ష్యముతో రెండు రోగములను విడదీసి, 1859లో ప్రకటించిన గ్రంథమున రెండవదానికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని నామకరణము చేసెను. అనగా ఈ వ్యాధి పేరే ఒక రక్తపరీక్షవలన పుట్టినదని చెప్పవచ్చును.

ఇ.ఎస్.ఆర్. పుట్టుక

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగును చూచెను. అదే సంవత్సరము పోలండు దేశపు వైద్యుడు ఎడ్మండ్ బియర్నాట్స్కీ, రోగుల రక్తములోని ఎఱ్ఱకణములు ఆరోగ్యవంతుల కణములకంటె వేగముగా అడుగునకు దిగునని ప్రకటించెను. ఈ రెండు సంగతులకు అప్పుడు సంబంధము లేదు. మన ప్రాంతమున మాత్రము కలదు. దానిని ముందు చూతము.

బియర్నాట్స్కీ మాటను లోకము మరచినది. 1918లో స్వీడన్ దేశీయుడు ఫారియుస్ గర్భిణుల రక్తమున అదే వేగమును చూచెను. 1921లో వెస్టర్‌గ్రెన్ క్షయరోగులపై పరిశీలించి, నేటికిని ఆయన పేర వాడుకలోనున్న పద్ధతిని స్థిరపరచెను. సన్నని పొడవైన గాజుగొట్టమును నిటారుగ నిలిపి, గడ్డకట్టకుండ సిట్రేట్ కలిపిన రక్తమును నింపి, ఒక గంట తరువాత ఎఱ్ఱకణములు ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో చూచుటయే ఇ.ఎస్.ఆర్. ఇంత సామాన్యమైన పరీక్ష శతాబ్దమునకు పైగా నిలిచినది.

దీని లోపలి మర్మమిది. ఎఱ్ఱకణముల పైపొరపై ఒకే జాతి విద్యుదావేశ ముండుటచే అవి ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. శరీరమున వాపు రగిలినప్పుడు కాలేయము ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తును ఎక్కువగా తయారుచేయును. అది ఆ నెట్టుకొను శక్తిని తగ్గించగా, కణములు నాణెముల దొంతరవలె ఒకదానిపై నొకటి పేరుకొని, బరువెక్కి త్వరగా దిగును. కావున ఇ.ఎస్.ఆర్. కొలుచునది కీలును కాదు, కీళ్లవాతమును కాదు. వాపునకు రక్తమునందు కలిగిన మార్పును మాత్రమే. క్షయ, న్యుమోనియా, గర్భము, మూత్రపిండముల వ్యాధి వీటిలోనను అది హెచ్చును.

వయస్సుతో కూడ ఈ అంకె పెరుగును. 1983లో ప్రకటితమైన ఒక సులభ సూత్రము ప్రకారము, పురుషునకు వయస్సులో సగము వరకును, స్త్రీకి వయస్సునకు పది కలిపి అందులో సగము వరకును సాధారణముగా నెంచవచ్చును. అనగా 60 ఏండ్ల స్త్రీకి 35 వరకు ఉన్నను దిగులు పడనక్కరలేదు. ఇరువదియేండ్ల యువతికి అదే 35 ఆలోచింపదగినది. గొట్టము కొంచెము వాలియున్నను, తీసిన రక్తము గంటల తరబడి నిలువయున్నను ఫలితము మారిపోవును.

మన నేలలో ఆ అంకె

విదేశములలో పుట్టిన ఈ పరీక్ష జయపురపు కొండలలోనికి వచ్చినప్పుడు ఇక్కడి రక్తముతో దానికి పని పడినది. ఈ కొండలు మలేరియాకు పేరుపడినవి. వెనుకటి దినములలో ఏజెన్సీ బదిలీ యనిన మైదానపు ఉద్యోగులు జంకెడివారు. 1930 దశకమున బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందిన మలేరియా శాస్త్రవేత్త సీనియర్ వైట్ ఈ కొండల దోమలపై చేసిన పరిశోధన శాస్త్రలోకమున ప్రసిద్ధము. 2017 నుండి ఒడిశా ప్రభుత్వము దమన్ అను పేర జరిపిన కృషిచే వ్యాధి చాలవరకు తగ్గినదిగాని మాసిపోలేదు. మలేరియా సోకినవారికి ఇ.ఎస్.ఆర్. హెచ్చును, కీళ్లతో దానికి సంబంధము లేకపోవచ్చును.

రెండవది రక్తహీనత. కణములు తక్కువైనప్పుడు అవి అడ్డులేక త్వరగా దిగును. మన స్త్రీలలో రక్తహీనత ఎంత సామాన్యమో అందరెరిగినదే. కావున హీమోగ్లోబిన్ అంకె చూడకుండ ఇ.ఎస్.ఆర్. అంకె చదువరాదు.

మూడవది ఇందుకు విరుద్ధముగా నడచును. దక్షిణ, పశ్చిమ ఒడిశా ప్రాంతములలో సికిల్ సెల్ అను వంశపారంపర్య రక్తదోషము కలదు. 1910లో అమెరికాలో హెర్రిక్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను. 1952లో నీలగిరి కొండజాతులలో మన దేశమున దీని జాడ కనిపించినది. 2023 జూలై 1న భారత ప్రభుత్వము దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఈ వ్యాధిలో ఎఱ్ఱకణములు కొడవలివలె వంగుటచే నాణెములవలె దొంతర పేరవు. లోపల వాపు రగులుచున్నను ఇ.ఎస్.ఆర్. తక్కువగనే చూపును. పైగా సికిల్ వ్యాధియే ఎముకలకును కీళ్లకును నొప్పి కలిగించును. తుంటి కీలును పాడుచేయును. నొప్పి యున్నది, అంకె చిన్నదిగా నున్నది, కనుక రోగము లేదని ఇంటికి పంపుట అట్టివారికి అన్యాయము. పుస్తకములోని హద్దు ఒక్కటే, కాని దానిని చదువవలసిన రక్తము ఊరూరికి వేరు.

సి.ఆర్.పి.

1930లో న్యూయార్కు నగరమునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తపు తేటను పరిశీలించుచుండిరి. న్యుమోనియా క్రిమినుండి తీసిన 'సి' అను పదార్థమును కలిపినప్పుడు రోగపు తీవ్రదశలోని తేట విరిగి అవక్షేపము కట్టినది. రోగి కోలుకొనిన పిదప ఆ గుణము పోయినది. ఆ గుణమునకు కారణమైన మాంసకృత్తే సి-రియాక్టివ్ ప్రోటీన్, సంక్షేపముగా సి.ఆర్.పి.

ఇదియు కాలేయముననే తయారగును. వాపు మొదలైన కొలది గంటలకే పెరుగును. రెండు దినములలో శిఖరమునకు చేరును. కారణము తొలగినంతనే వేగముగా తగ్గును. ఇ.ఎస్.ఆర్. నిదానముగా పెరిగి నిదానముగా తగ్గును. ఒకటి నిన్నటి కబురు, మరియొకటి గతవారపు కబురు అనవచ్చును. రక్తహీనతయు, కణముల ఆకారమును సి.ఆర్.పి.ని అంతగా బాధింపవు గనుక మన ప్రాంతమునకు ఇది మిక్కిలి ఉపకరించును. అయినను ఏ సూక్ష్మక్రిమి సోకినను ఇది హెచ్చును. కీళ్లవాతమునకే చెందిన గుర్తు కాదు.

ఇక్కడ ఒక గుమాస్తా హెచ్చరిక. కొన్ని ప్రయోగశాలలు ఈ అంకెను లీటరునకు మిల్లీగ్రాములలో వ్రాయును. కొన్ని డెసిలీటరునకు వ్రాయును. మొదటి లెక్కలో 10 అనగా రెండవ లెక్కలో 1 మాత్రమే. రాయగడలో 12 అనియు, విశాఖలో 1.2 అనియు వచ్చినచో రోగము పదవవంతునకు తగ్గినదని సంతోషింపరాదు, రెండును ఒక్కటే. అంకె ప్రక్కనున్న కొలమానమును చదువనిదే అంకెను చదువరాదు.

రోగమునకే చెందిన గుర్తులు

పై రెండును మంట యున్నదని చెప్పునుగాని ఏ యింట నున్నదో చెప్పవు. దానికై వెదకినవారిలో మొదటివాడు నార్వే దేశీయుడైన ఎరిక్ వాలర్. 1940లో ఆయన ప్రకటించిన విషయమిది: ప్రతిరక్షకములు పూసిన గొఱ్ఱె రక్తకణములను కీళ్లవాత రోగి రక్తపు తేట గుంపులు గుంపులుగా అతికించును. యుద్ధపు రోజులగుటచే అది పలువురి దృష్టికి రాలేదు. 1948లో అమెరికాలో హ్యారీ రోజ్, ఆయన సహచరులు అదే సంగతిని మరల కనుగొనిరి. గొఱ్ఱె కణములకు బదులు లేటెక్స్ రేణువులు వాడు పద్ధతిని 1956లో సింగర్, ప్లాట్జ్ అనువారు తెచ్చిరి. నేడు రిపోర్టులలో ఆర్.ఎ. ఫ్యాక్టర్ అని కనబడునది ఇదియే. మన శరీరపు ప్రతిరక్షకములపైననే శరీరము తయారుచేసిన మరియొక ప్రతిరక్షకమిది.

రోగులలో నూటికి 70 మొదలు 80 మందికి ఇది కనబడును. కనబడనివారును కలరు. అదిగాక క్షయ, కుష్ఠు, మలేరియా, కొన్ని కాలేయ వ్యాధులలోను, ఆరోగ్యముగా నున్న కొందఱు వృద్ధులలోను కూడ ఇది కనబడును. ఈ జాబితాలోని మొదటి మూడింటిని కొరాపుట్ రాయగడ ప్రాంతములు చిరకాలముగా నెరుగును. కావున ఒక్క ఆర్.ఎ. ఫ్యాక్టర్ చూచి జీవితాంతపు మందు మొదలుపెట్టుటయు తగదు, అది లేదని రోగము లేదనుటయు తగదు.

1964లో హాలెండు దేశపు నీన్‌హూయిస్, మాండెమా అనువారు మరియొక ప్రతిరక్షకమును కనిపెట్టిరి. అది దేనిని పట్టుకొనుచున్నదో మూడు దశాబ్దములకు పైగా తెలియలేదు. 1998లో ఆ దేశీయులే ఆ రహస్యమును విప్పిరి: అది పట్టుకొనునది సిట్రులిన్ అను అణువు గల మాంసకృత్తులను. పుచ్చకాయనుండి మొదట తీయబడుటచే, దాని శాస్త్రనామమునుబట్టి సిట్రులిన్‌కు ఆ పేరు వచ్చినది. దీనినుండి యాంటీ సి.సి.పి. అను పరీక్ష పుట్టినది. ఆర్.ఎ. ఫ్యాక్టర్‌వలె ఇది ఇతర రోగములలో అంత సులభముగా కనబడదు. కనబడినచో కీళ్లవాతమని చాలవరకు నమ్మవచ్చును. ఎముక తినివేయబడు తీవ్రరూపము రాగల రోగులెవరో కూడ ఇది ముందుగా సూచించును.

2004లో హాలెండునుండి వెలువడిన ఒక పరిశోధన ఈ చరిత్రలో మిక్కిలి ఆలోచింపజేయునది. తరువాతి కాలమున కీళ్లవాతము వచ్చిన 79 మంది, రోగము రాకమునుపు రక్తదానము చేసియుండిరి. వారి రక్తపు తేటలు నిలువయుండగా, వాటిని వెలికితీసి పరీక్షించిరి. ఇంచుమించు సగము మందిలో నొప్పి యెరుగని నాటికే ఆర్.ఎ. ఫ్యాక్టరో, సిట్రులిన్ ప్రతిరక్షకమో కనబడినది. మధ్యరకమున నాలుగున్నర యేండ్ల ముందే. అనగా వ్రేలు వాయుటకు మునుపే రక్తము సాక్ష్యము వ్రాసియుంచినది. పొగాకునకును ఈ ప్రతిరక్షకములకును గల సంబంధమును 2006లో స్వీడన్ పరిశోధకులు చూపిరి. చుట్టయైనను, బీడీయైనను, మన యుత్తరాంధ్ర పల్లెలలోని అడ్డపొగయైనను మానుటయే మేలు.

కీలు చెడినదా?

వాపు వేరు, కీలు చెడుట వేరు. వాపు తగ్గును, చెడిన మృదులాస్థి మరల మొలవదు. కీలులోని పొర ఉబ్బి, ఎమ్.ఎమ్.పి.-3 వంటి జీర్ణరసములను విడిచి మృదులాస్థిని కరగించును. ఈ పదార్థమును రక్తములో కొలుచుట జపాను దేశమున వాడుకలో నున్నది. మృదులాస్థి ముక్కలైన కాంప్ అను మాంసకృత్తు రక్తములోనికి చేరుటను 1992లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపిరి. ఇవి యింకను చాలవరకు పరిశోధకుల చేతిలోని పనిముట్లే. మన వైద్యులు కీలు స్థితిని చూచునది ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌లతోనే.

2010లో అమెరికా, ఐరోపా వైద్యసంఘములు కలిసి ఈ సాక్ష్యములకు మార్కులు నిర్ణయించిరి. మొత్తము 10. వాచిన కీళ్లకు 5 వరకు, ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి.లకు 3 వరకు, ఆరు వారములు నిలిచినందుకు 1, ఇ.ఎస్.ఆర్. లేక సి.ఆర్.పి. హెచ్చినందుకు 1 మాత్రమే. వాపునకు వేరు కారణము కనబడక, 6 వచ్చినచో కీళ్లవాతమని నిర్ణయింతురు. మన యిండ్లలో అందరు భయపడు ఇ.ఎస్.ఆర్. నకు దక్కినది పదింట ఒక మార్కు! రోగి చేతిని పట్టి చూచుటకు దక్కినది సగము.

మా వదినగారి విషయము ఇందులకు దృష్టాంతము. ఆమె వ్రేళ్లు వాచినప్పుడు ఇ.ఎస్.ఆర్. 24 వచ్చినది. ఆమె వయస్సున కది సాధారణమే యని ఇంటివారు తృప్తిపడిరి. రెండేండ్లు పసరు కట్లతోను, అంగడిలో కొన్న నొప్పిమాత్రలతోను గడచినవి. యాంటీ సి.సి.పి. చేయించునప్పటికి కుడిచేతి వ్రేళ్లు చిటికెనవ్రేలి వైపునకు వాలిపోయినవి. మందు మొదలైన పిదప నొప్పి తగ్గినది, సి.ఆర్.పి. దిగినది; వాలిన వ్రేళ్లు మాత్రము నిలువలేదు. ఆమె నేటికిని రెండు చేతులతో గాని గ్లాసు ఎత్తజాలదు. మొదటి మూడు మొదలు ఆరు మాసములలో సరియైన చికిత్స ఆరంభింపవలెనని వైద్యులు నొక్కి చెప్పుట ఇందుకే.

ఒక తెలుగువాని దానము

ఆ చికిత్సకు మూలమైన మందు చరిత్ర మనవారిది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షను మూడవ ప్రయత్నమున దాటిరి. సోదరులిద్దరిని స్ప్రూ అను గ్రహణి వ్యాధి మ్రింగినది. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికాకు పోయిరి. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేర అది ప్రపంచపు ప్రయోగశాలలన్నిట వ్యాపించినది. రక్తమును అంకెలలో చదువు విద్యలో తెలుగువాని పేరు ఇట్లు చేరినది.

తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వమున ఫోలిక్ ఆమ్లము తయారైనది. దానికి విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ తయారైనవి. 1948లో బోస్టన్ వైద్యుడు ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పసిపిల్లల రక్తపు క్యాన్సరును తాత్కాలికముగా అణచెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. 1951లో గబ్నర్ అను వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్లవాత రోగుల కిచ్చి గుణము చూచెను. 1988లో మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి వాడుటకు అమెరికా ప్రభుత్వ ఆమోదము లభించినది. నేడు ప్రపంచమంతట కీళ్లవాతమునకు మొదట తలచు మందు అదియే. దానితోడ ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ ఇత్తురు. మందును, మందు చెడుగును విరుచు మాత్రయు రెండును ఆ భీమవరపు బిడ్డ పరిశ్రమనుండి వచ్చినవే.

"ఇది క్యాన్సరు మందు" అని విని మన స్త్రీలు దీనిని పారవేయుట కలదు. క్యాన్సరునకు వాడు మోతాదు వేరు, కీళ్లకు వాడు స్వల్ప మోతాదు వేరు. కాని ఒక్క నియమము ప్రాణముతో సమానము: దీనిని వారమునకు ఒక్క దినము మాత్రమే వాడవలెను. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు. కాలేయమును, రక్తకణములను వైద్యుడు చెప్పిన గడువున పరీక్షింపించుకొనుచుండవలెను. రక్తపరీక్ష ఇక్కడ రోగమునకే కాక మందునకును కాపలా కాయును.

మన సంఘము చేయదగిన పని

జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చి విజ్ఞాన కళాశాలను నిలిపిరి. ఆ కళాశాలకు జయపురము పేరు పెట్టిరి. అంతటి దానము మనకు సాధ్యము కాదు. కాని చిన్న పనులు కొన్ని కలవు.

ప్రతి కుటుంబమును తన రిపోర్టులను తేదీల వరుసన ఒక్క దస్తరముగా కుట్టి యుంచవలెను. ఒక్క అంకె కంటె వరుసగా నాలుగంకెలు చెప్పు కథ నమ్మదగినది. వీలైనంతవరకు ఒక్క ప్రయోగశాలలోనే పరీక్ష చేయింపవలెను. వైద్యుని యొద్దకు పోవునప్పుడు హీమోగ్లోబిన్ ఎంత, ఇటీవల మలేరియా వచ్చినదా, ఇంట సికిల్ దోషము కలదా, ఉదయపు బిగువు ఎంతసేపుండును అను నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొని పోవలెను. చేతి కీళ్లు ఆరు వారములు దాటి వాచియున్నచో ఇ.ఎస్.ఆర్. ఎంత యున్నను ఊరకుండరాదు, యాంటీ సి.సి.పి. సంగతి వైద్యు నడుగవలెను.

ఇంగ్లీషు చదువుకొన్న మన యువతీయువకులు నెలకొక ఆదివారము సంఘ భవనమున కూర్చుండి, పెద్దల రిపోర్టులలోని పేర్లను, కొలమానములను తెలుగున చదివి చెప్పినను గొప్ప సేవయే. రోగనిర్ణయము వారి పని కాదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నను తయారుచేసి యిచ్చుట వారి పని. ముఖ్యముగా స్త్రీల విషయమున శ్రద్ధ వహింపవలెను. తన వ్రేళ్లు నొచ్చుచున్నవని చెప్పుటకు మన యిండ్లలోని తల్లి వంటపని ముగియువరకు ఆగును. పండుగ వెళ్లువరకు ఆగును. కూతురి పెండ్లి జరుగువరకు ఆగును. రోగము ఆగదు. ఉదయమున ఆమె గిన్నె జారవిడిచినప్పుడు విసుగుకొనక, ఆ చేతినొకసారి పట్టి చూచి, ఆ వారమే ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవుడని సంఘములోని పెద్దలను, యువకులను ప్రార్థించుచున్నాను.